గంజిలో పోయినదీ, కంచంలోకి రావలసినదీ

జనవరితో మొదలయ్యే కొత్త సంవత్సరం, తెలుగు ఇళ్లలో కార్తీక మాసం ముగిసిన కొద్ది వారాలకే వస్తుంది; అంటే నెల పొడుగునా నీచు ముట్టకుండా ఇల్లు నడుస్తుందని రుజువైన రోజులు ఇంకా జ్ఞాపకంలో ఉండగానే కొత్త అలవాట్ల ముచ్చట మొదలవుతుంది. ఈ ముచ్చటను ఉత్తరాంధ్ర స్థితిగతులతో ముడిపెట్టి చూడాలంటే ముందుగా ఒక లెక్క గుర్తుంచుకోవాలి. కేంద్ర ప్రభుత్వపు నమూనా నమోదు వ్యవస్థ 2014లో వెలువరించిన సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటినవారిలో నూటికి 98 మంది మాంసాహారులు. కనుక అనకాపల్లి జిల్లాలోని కోటవురట్ల వంటి మండల కేంద్రంలో శాకాహారమంటే పుట్టుకతో వచ్చే నియమం కాదు. సోమవారమో శనివారమో, కార్తీకమో, అయ్యప్ప దీక్షలోని 41 రోజులో పాటించే వారపు నియమం, వ్రత నియమం. ఆ రోజుల్లో కంచంలో ఏది లేదో అందరికీ తెలుసు. ఏది ఉందో, ఎంత ఉందో అన్న విచారణ మాత్రం అరుదు.

నీచు తీసేసిన కంచాన్ని పరిశీలిస్తే, ఆ ఖాళీని చాలా ఇళ్లలో పప్పూ ఆకుకూరా నింపవని, ఇంకో గరిటెడు తెల్లన్నం నింపుతుందని తెలుస్తుంది. చారు పలచన, కూర కొసరు, ఆవకాయ ఎర్రన, మజ్జిగ నీళ్లన అయినప్పుడు ఆ భోజనం శాకాహారమే అవుతుంది గాని ఆరోగ్యాహారం కాజాలదు. శాకాహారపు మేలును గురించి చెప్పే మాటలన్నీ పప్పులు, గింజలు, ఆకులు, కాయలు, పండ్లు సమృద్ధిగా ఉన్న కంచానికి వర్తించేవే తప్ప, కేవలం మాంసం లేని కంచానికి వర్తించేవి కావు. ఈ తేడాను ఉత్తర కోస్తా ప్రజలు వంద ఏళ్ల కిందట చాలా ఖరీదు చెల్లించి తెలుసుకున్నారు. ఆ చరిత్ర ఇప్పుడు ఎవరి నోటా వినబడదు కాబట్టి దానిని కొంత వివరంగా చెప్పుకోవలసి ఉంది.

సర్కారు జిల్లాల రోగం

గంజాం నుంచి గుంటూరు దాకా సాగే కోస్తాను బ్రిటిష్ కాలంలో ఉత్తర సర్కారులనేవారు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో భాగంగా కోటవురట్ల ప్రాంతం కూడా అందులోనిదే. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో మద్రాసు రాజధానిలో బెరిబెరి అనే వ్యాధికి ఈ సర్కారు జిల్లాలే స్థావరమని వైద్యులు గుర్తించారు. సింహళ భాషలో బలహీనతను తెలిపే మాటను రెట్టించగా వచ్చిన పేరు అది. మొదట అరికాళ్లలో తిమ్మిరి, పిక్కల్లో పట్టు తప్పడం, పిమ్మట కాళ్ల వాపు, ఆయాసం, చివరకు గుండె నీరసించిపోవడం దాని వరస. ఆశ్చర్యమేమిటంటే, అదే రాజధానిలో అంతకంటే బీదవారైన తమిళ జిల్లాల కూలీలలో ఈ రోగం అంతగా కనిపించలేదు. వారు తినేదీ అన్నమే, వీరు తినేదీ అన్నమే. తేడా బియ్యం తయారీలో ఉంది.

తమిళ ప్రాంతంలో వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టించి, ఎండబెట్టి ఆ తరువాత దంచేవారు. అదే ఉప్పుడు బియ్యం. సర్కారు జిల్లాలవారికి మొదటి నుంచీ పచ్చి బియ్యమే ఇష్టం. గింజ మీది పైపొరలోనూ మొలకలోనూ ఉండే థయమిన్ అనే విటమిన్, అంటే తిన్న పిండి పదార్థాన్ని శరీరం శక్తిగా మార్చుకోవడానికి తప్పనిసరిగా కావలసిన బి1, ఆవిరి పట్టినప్పుడు నీటితో పాటు గింజ లోపలికి ఇంకుతుంది. అందుచేత తరువాత ఎంత మర పట్టినా కొంతైనా మిగులుతుంది. పచ్చి వడ్లను మరకు వేస్తే మాత్రం ఆ పొర యావత్తూ తవుడుగా గేదెల కుడితికి పోతుంది. ఇంట్లో రోట వేసి రోకలితో దంచుకున్నన్నాళ్లు పొర పూర్తిగా ఊడేది కాదు గనుక పచ్చి బియ్యం తిన్నా ముప్పు తక్కువగా ఉండేది. బియ్యపు మరలు వచ్చి, మల్లెపూవు లాంటి అన్నం మర్యాదకు గుర్తు అయ్యాక ముప్పు ముదిరింది. అన్నం వండే తీరు దానికి తోడైంది: బియ్యాన్ని మూడు నాలుగు నీళ్లు పోసి పిసికి కడగడం, ఎక్కువ ఎసరు పెట్టి గంజి వార్చడం అనే రెండు పనులూ, నీటిలో కరిగే ఆ విటమిన్‌లో మిగిలిన కొద్దిపాటిని కూడా తూములోకి పంపేవి.

ఈ రోగాన్ని శోధించడానికే వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో నీలగిరులలోని కూనూరులో, ఒకే గది ప్రయోగశాలతో, బెరిబెరి విచారణ విభాగాన్ని ప్రారంభించాడు. నిధుల కోతతో మధ్యలో మూతపడి, మళ్లీ తెరుచుకుని, క్రమంగా విస్తరించిన ఆ విభాగమే 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. మెక్‌కారిసన్ తరువాత 1935లో కూనూరు బాధ్యతలు చేపట్టిన ఎక్రాయిడ్, తన సహచరులతో కలిసి 1940లో భారతదేశపు బియ్యం సమస్య మీద ఒక గ్రంథమే వెలువరించాడు. దేశమంతటికీ ఏం తినాలో చెప్పే సంస్థకు మూలం మర బియ్యపు అన్నం తెచ్చిపెట్టిన సమస్యలో ఉందన్న సంగతి పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంగానైనా ఉండవలసింది.

బెరిబెరి ఇప్పుడు ఈ ప్రాంతంలో వినబడే జబ్బు కాదు. అందుకు కారణం బియ్యం మారడం కాదు; అన్నం పక్కన చేరిన పప్పులు, పాలు, కూరగాయలు, గోధుమలు ఆ లోటును ఎంతో కొంత పూడ్చడం. గంజి వార్చే పద్ధతిని వంటింటి నుంచి వెళ్లగొట్టిన ప్రెషర్ కుక్కరుకు కూడా ఇందులో భాగమివ్వాలి. పూర్వం అత్తెసరు అన్నమంటే తొందరలో చేసిన వంటకు చిన్నచూపు పేరు. పోషకాల లెక్కలో చూస్తే, పోసిన నీరంతా గింజలోనే ఇంకిపోయే ఆ అత్తెసరే మేలైన వంట. అయితే బియ్యం మీద ఆధారం తగ్గలేదు. సాంబ మసూరి సన్నగింజ అన్నం తినడం హోదా అయిన రోజుల్లో, మర పట్టు మరింత పెరిగిందే గాని తగ్గలేదు.

సరుకుల చీటీ చెప్పే లెక్క

అదే జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయుల కోసం 17 సూత్రాల ఆహార మార్గదర్శకాలను ప్రకటించింది. దేశంలోని వ్యాధుల భారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడంతో సంబంధం ఉందని అందులో అంచనా వేసింది. రోజుకు 2,000 కిలో క్యాలరీలు అవసరమయ్యే మనిషికి సూచించిన నమూనా కంచంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, నూనెగింజలూ పలుకులూ 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉన్నాయి. క్యాలరీలలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని, వాస్తవంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంటోందని ఆ సంస్థ చెబుతోంది. క్యాలరీ అంటే తిండిలోని శక్తిని కొలిచే ప్రమాణం అనుకుంటే చాలు.

గ్రాముల లెక్క వంటింటికి పనికిరాదు. నెలవారీ సరుకుల చీటీ మీదికి మార్చితే దాని అసలు అర్థం బయటపడుతుంది. నలుగురు పెద్దలున్న ఇంటికి 30 రోజులకు ధాన్యం 30 కిలోలు, పప్పులు 10 కిలోలకు పైన, వేరుశనగ, నువ్వుల వంటివి 4 కిలోలు, నూనె మూడున్నర లీటర్లు. ధాన్యపు అంకె చూసి ఎవరూ ఉలిక్కిపడరు. పప్పుల అంకె చూసి మాత్రం, కందిపప్పు రెండు కిలోలు, మినప్పప్పు కిలో, శనగపప్పు అరకిలో అని రాసే అలవాటున్న చేయి తప్పక ఆగుతుంది. నూనె అంకె దగ్గర మరోసారి ఆగుతుంది, ఈసారి ఎదురు కారణంతో.

ఇందులో అలవాటుతో పాటు ధరల పాత్ర కూడా ఉంది. రేషన్ కార్డు మీద మనిషికి 5 కిలోల చొప్పున ఉచిత బియ్యం వస్తుంది కనుక నలుగురి ఇంటికి 20 కిలోలు, అంటే నెలకు కావలసిన ధాన్యంలో మూడింట రెండు వంతులు, ఖర్చు లేకుండా చేరుతున్నాయి. కందిపప్పును రాయితీపై ఇచ్చిన కాలంలోనూ కార్డుకు కొద్ది పరిమాణంలోనే ఇచ్చారు. ఆకలి తీర్చే బాధ్యతను ప్రభుత్వం బియ్యంతో నెరవేర్చి, పోషణ బాధ్యతను కుటుంబానికి విడిచిపెట్టిందనడం కఠినంగా వినిపించవచ్చు గాని సరుకుల చీటీ చెప్పేది అదే. కాబట్టి పప్పు కొనలేని ఇంటికి పప్పు తినమని ఉపదేశించడంలో అర్థం లేదు. ఉచిత బియ్యం మిగిల్చిన సొమ్ములో తొలి వాటా పప్పుకు కేటాయించమని, ధాన్యంలో మిగిలిన 10 కిలోలనైనా బియ్యం కానివిగా ఎంచుకోమని చెప్పడంలో ఉంది.

చోడి, గంటె, సామ

ఆ పది కిలోలకు ఉత్తరాంధ్రలో వెతుకులాట అవసరం లేదు. మిగతా తెలుగు నేల రాగులనేదాన్ని ఇక్కడ చోళ్లంటారు, సజ్జలను గంటెలంటారు. చోడి అంబలి పొలం పనికి వెళ్లేవారి పొద్దుటి తిండిగా నిన్న మొన్నటి దాకా నిలిచిన పదార్థం; నర్సీపట్నం దాటి చింతపల్లి వైపు ఘాటీ ఎక్కితే సామలు, చోళ్లు ఇప్పటికీ గిరిజనుల పోడు భూముల్లో కనిపిస్తాయి. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్టణాల్లో వీటికి కొత్త మర్యాద దక్కింది. ఆ ఏడాది మార్చిలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లలకు వారానికి 3 రోజులు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టింది. బీదల తిండని విడిచిపెట్టిన అంబలి, ఇంటి పొయ్యి మీది నుంచి దిగిపోయిన తరువాత, బడి గిన్నెలోకి తిరిగి వచ్చిందన్నమాట.

చోళ్ల గొప్ప వాటి సున్నంలో, అంటే కాల్షియంలో ఉంది. 100 గ్రాముల మర బియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాములకు మించదు. అంతే తూకం చోళ్లలో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పెద్దవారికి రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలన్న ప్రమాణంతో చూస్తే ఇది మూడో వంతు. కాని చిరుధాన్యాల ప్రచారంలో ఉత్సాహం మితి మీరిన చోట రెండు దిద్దుబాట్లు అవసరమవుతాయి. చోళ్లలో మాంసకృత్తులు బియ్యంలో కంటే ఎక్కువేమీ లేవు. కాబట్టి అంబలి తాగి పప్పు మానడం కుదరదు. అలాగే మెత్తగా పట్టించిన పిండితో పలచగా కాచిన జావ గట్టి ముద్ద కంటే, రొట్టె కంటే త్వరగా అరిగి రక్తంలో చక్కెరను వేగంగా పెంచగలదు. మధుమేహం ఉన్నవారికి చోడి పేరొక్కటే రక్ష కాదు, ఏ రూపంలో ఎంత తిన్నారన్నది కూడా లెక్కే. ఏ ఒక్క గింజా సర్వరోగ నివారిణి కాదన్న సంగతి, గింజలు అమ్మేవారు తప్ప మిగిలిన అందరూ ఒప్పుకునేదే.

చోళ్లను నానబెట్టి, మూటగట్టి మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించే పాత పద్ధతికి గట్టి కారణముంది. గింజలు తమ భాస్వరాన్ని ఫైటేట్ అనే రూపంలో దాచుకుంటాయి. అది ఇనుమును, జింకును, కాల్షియాన్ని పట్టి ఉంచి పేగులకు అందనివ్వదు. మొలకెత్తే గింజ ఆ ఫైటేటును తానే విరగ్గొట్టుకుంటుంది. పప్పుల్ని రాత్రి నానబెట్టడం, ఇడ్లీ పిండిని పులియబెట్టడం కూడా అదే పని కొంత మేరకు చేస్తాయి. శాకాహారిలో ఈ జాగ్రత్త విలువ పెరుగుతుంది, ఎందుకంటే అతనికి ఆ ఖనిజాలు వచ్చేదే గింజల నుంచి.

పప్పు పక్కన పప్పు

మాంసం తినని రోజున మాంసకృత్తులు ఎక్కడి నుంచి వస్తాయన్న ప్రశ్నకు పప్పన్నమే పాత జవాబు. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కల గొలుసులు. వాటిలో కొన్నింటిని శరీరం తయారు చేసుకోలేదు. ధాన్యాల్లో లైసిన్ అనే ముక్క తక్కువ, పప్పుల్లో అది పుష్కలం. పప్పుల్లో మెథియోనిన్ తక్కువ, ధాన్యాల్లో అది చాలినంత. మూడు పాళ్ల ధాన్యానికి ఒక పాలు పప్పు చేరితే రెండు లోట్లూ తీరతాయని పోషకాహార సంస్థ అంటోంది. పెసరపప్పు, బియ్యపు నూకలతో చేసే పులగం, మినప్పప్పుతో చేసే ఇడ్లీ ఆంధ్రులు ఏ రసాయన శాస్త్రమూ చదవకుండానే కుదుర్చుకున్న జంటలు. 55 కిలోల బరువున్న స్త్రీకి రోజుకు 46 గ్రాములు, 65 కిలోల పురుషునికి 54 గ్రాములు చాలునని 2020 నాటి జాతీయ ప్రమాణం చెబుతున్నది కనుక, 85 గ్రాముల పప్పులు, 300 మిల్లీలీటర్ల పాలు, గుప్పెడు వేరుశనగలు ఉన్న కంచంలో మాంసకృత్తుల పొడి డబ్బాలకు చోటు వెతకనక్కరలేదు.

లోపం పప్పుల మధ్య వైవిధ్యం తగ్గడంలో ఉంది. పప్పంటే కందిపప్పేనన్నట్టు సాగుతున్న వంటకు ఉలవలు, బొబ్బర్లు, అనపగింజలు పక్కన వరసలో నిలబడి ఉన్నాయి. ఉలవలు కందులకు తీసిపోని మాంసకృత్తులతో పాటు అంతకంటే చాలా ఎక్కువ కాల్షియాన్ని ఇస్తాయి. ఎద్దులకు పెట్టే దాణా అన్న పేరు వాటిని ఇన్నాళ్లూ పెళ్లి విందుల ఉలవచారుకే పరిమితం చేసింది. ఆ చారులో కూడా ఉడికించిన నీటినే మనిషి తాగి, గింజలను పశువుకు వేయడం ఎవరి తెలివికి తార్కాణమో చెప్పడం కష్టం. చింతపల్లి ఏజెన్సీలో పండే రాజ్మా మైదానంలోకి దిగి వస్తున్నది గనుక వారంలో ఒక పూట దానికీ ఇవ్వవచ్చు; అయితే రాజ్మాను రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, తెర్లేలా బాగా ఉడికించాలి. సరిగా ఉడకని గింజల్లోని లెక్టిన్ అనే పదార్థం వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది.

ఆకుల్లో దొరికిన ఆమ్లం

ఆకుకూరల విషయంలో తెలుగువారికి ఒక వంశపారంపర్య హక్కు లాంటిది ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, పేగులు పోషకాలను గ్రహించలేని స్ప్రూ అనే జబ్బుకు తన సోదరులను కోల్పోయి, తానూ అదే జబ్బుతో మంచం పట్టి కోలుకున్నవాడు. అమెరికాలో 1941లో శాస్త్రజ్ఞులు 4 టన్నుల పాలకూర నుంచి చిటికెడు పదార్థాన్ని వేరుచేసి, ఆకును తెలిపే లాటిన్ మాట నుంచి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. దానిని ప్రయోగశాలలో తయారు చేసే మార్గాన్ని 1945లో లెడర్లీ సంస్థలో సుబ్బారావు నాయకత్వాన పనిచేసిన బృందం సాధించింది. ఎర్రరక్తకణాలు సరిగా పండటానికి, గర్భంలోని బిడ్డ వెన్నుపాము మూసుకోవడానికి అది అవసరం. గర్భిణులకు ఈనాడు ఇచ్చే ఇనుము మాత్రలో కలిసి ఉండేది అదే.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం రక్తహీనులు. తోటకూర, బచ్చలి, గోంగూర, చుక్కకూర, పొన్నగంటి, గంగవాయిలు, మునగాకు ఏడాది పొడుగునా దొరికే చోట ఈ అంకె సిగ్గు కలిగించవలసినదే, అయినా ఆకు తినడం ఒక్కటే దీనిని సరిచేయదు. మొక్కల్లోని ఇనుము మాంసంలోని ఇనుములా నేరుగా ఇంకదు. పక్కన సి విటమిన్ ఉంటే అది మరింత బాగా ఇంకుతుంది. తోటకూర పప్పు దించాక నిమ్మకాయ పిండడం, భోజనానంతరం జామకాయ ముక్క తినడం, చలికాలపు ఉసిరికాయను పచ్చిగానే నమలడం ఆ పనికి తోడ్పడే అలవాట్లు. సి విటమిన్ వేడికి నిలవదు కనుక నిమ్మరసాన్ని పొయ్యి మీద ఉండగా కాక దించాకనే పిండాలి. ఇనుముకు ప్రధాన శత్రువు టీ. దానిలోని టానిన్లు, అంటే వగరునిచ్చే పదార్థాలు, ఇనుమును పట్టేస్తాయి. అందుకే భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ కాఫీలు వద్దని మార్గదర్శకాలు హెచ్చరిస్తున్నాయి. టిఫిను పళ్లెం పక్కనే టీ గ్లాసు పెట్టే వాడుకను ఒక గంట వెనక్కి జరపడం పైసా ఖర్చు లేని పని, ఈ వ్యాసంలోని సూచనలన్నిటిలోనూ బహుశా పాటించడానికి అత్యంత కష్టమైనది కూడా.

ఆకుకూరలు తీర్చలేని లోటు ఒకటుంది. బి12 విటమిన్‌ను మొక్కలు తయారు చేయవు, జంతువులూ చేయవు. అది సూక్ష్మజీవుల సృష్టి, జంతువుల మాంసం, గుడ్లు, పాల ద్వారా మనిషికి చేరుతుంది. రోజుకు 2 మైక్రోగ్రాములకు కాస్త పైన మాత్రమే కావాలి, 300 మిల్లీలీటర్ల పాలూ పెరుగూ అందులో దాదాపు సగం ఇస్తాయి. కార్తీకంలో నెలరోజులు నీచు మానినవారికి ఏమీ కాదు, ఎందుకంటే కాలేయం దీనిని ఏళ్ల తరబడి నిలవ చేసుకుంటుంది. ఏళ్ల తరబడి శాకాహారులై పాలు కూడా తగ్గించినవారి స్థితి వేరు. ఆకుకూరల్లోని ఫోలిక్ ఆమ్లం సమృద్ధిగా అందుతున్నప్పుడు రక్తహీనత బయటపడకుండా మరుగున ఉండి, నరాల దెబ్బ మాత్రం లోలోపల సాగుతుంది. దాని మొదటి గుర్తు మళ్లీ ఆ అరికాళ్ల తిమ్మిరే. సర్కారు జిల్లాల పాత రోగానికీ దీనికీ విటమిన్ వేరు, నడక తడబడే తీరు ఒక్కటే. కాబట్టి పూర్తి శాకాహారులు, ముఖ్యంగా వయసు మళ్లినవారు, రక్తపరీక్ష చేయించుకుని వైద్యుని సలహాపై బి12 తీసుకోవడంలో నియమభంగమేమీ లేదు; ఆ మందును తయారు చేసేది సూక్ష్మజీవుల ద్వారానే. తరవాణి, చద్దన్నం, ఇడ్లీ పిండి వంటి పులిసినవాటిలో బి12 దొరుకుతుందన్న నమ్మకం ఉంది గాని అవసరం తీరేటంతగా దానిపై ఆధారపడడం క్షేమం కాదు. తరవాణికి చెప్పవలసిన మంచి మాటలు వేరే ఉన్నాయి. వార్చిన గంజిని పారబోయకుండా కుండలో పులియనిచ్చి తాగిన ఇల్లు, మరలో పోగా మిగిలిన బి1నైనా తూము పాలు చేయలేదు.

పోయినదాన్ని తిరిగి చేర్చే ప్రయత్నం ప్రభుత్వమూ చేసింది. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించిన మీదట చౌకడిపోల ద్వారా దశలవారీగా బలవర్ధక బియ్యం పంపిణీ సాగింది. నూకలను పిండి చేసి, దానికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి, మళ్లీ గింజ రూపంలో ఒత్తి, 100 కిలోల మామూలు బియ్యానికి 1 కిలో చొప్పున కలిపారు. కడిగేటప్పుడు తేలే ఆ గింజలను చూసి ప్లాస్టిక్ బియ్యమని వదంతి పుట్టింది, ఇల్లాళ్లు వాటిని ఏరి పారేశారు. తవుడును గేదెకు పెట్టి, పోయిన పోషకాలలో కొన్నింటిని కర్మాగారంలో చేర్చి, చేర్చినదాన్ని మళ్లీ చేటతో చెరిగి పారబోయడం ఈ వందేళ్ల బియ్యపు కథలో విషాదమో ప్రహసనమో తేల్చడం తేలిక కాదు.

నూనె, ఉప్పు, బెల్లం

మిగిలిన విషయాలకు తక్కువ మాటలు చాలు. నూనె మనిషికి రోజుకు రెండు పెద్ద చెంచాలు, ఉప్పు 5 గ్రాముల లోపు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ కూడా ఆ 5 గ్రాముల లెక్కలోకే వస్తాయి. చేపలు తిననివారికి ఒమేగా-3 అనే అవసరమైన కొవ్వు అవిసె గింజల పొడితో దొరుకుతుంది. కూరకు ఆకు ఇచ్చే అవిసె చెట్టు, ఈ గింజలిచ్చే మొక్క వేర్వేరు కనుక సంతలో అడిగేటప్పుడు పొరబాటు పడకూడదు. నువ్వుల్లో కాల్షియం 100 గ్రాములకు 1,200 మిల్లీగ్రాములు దాటుతుంది గనుక కూరల్లో నువ్వుల పొడి జల్లే ఉత్తరాంధ్ర అలవాటు రుచి కోసం పుట్టినా ఎముకలకు అక్కరకొస్తుంది.

బెల్లం మాట ఎత్తితే ఈ ప్రాంతంలో అభిమానం అడ్డు వస్తుంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి అనకాపల్లిలో ఉంది; 1913లో అక్కడ నెలకొన్న పరిశోధన స్థానం చెరకు మీదనే పేరు తెచ్చుకుంది; సంక్రాంతి నాటికి కొత్త బెల్లం దిమ్మలు మార్కెట్టుకు ఎక్కుతుంటాయి. కాని చక్కెర బదులు బెల్లం అన్నంత మాత్రాన లెక్క మారదు. కలిపే తీపి పదార్థం ఏ రూపంలో ఉన్నా రోజుకు 20 నుంచి 25 గ్రాముల లోపు ఉండాలన్న హద్దు దీనికీ వర్తిస్తుంది. కొనేటప్పుడు మెరిసే పసుపు దిమ్మ కంటే ముదురు రంగు దిమ్మను ఎంచడం మేలు. ఆ మెరుపు చాలాసార్లు పాకంలో వేసిన హైడ్రోస్ అనే తెల్లబరిచే రసాయనం ఇచ్చినదే. గుమ్మడి, చిలగడదుంప, బెండ ముక్కలతో ఇక్కడ కాచే బెల్లం పులుసును మాత్రం ఎవరూ మానుకోనక్కరలేదు. గరిటె చిన్నదైతే సరిపోతుంది, ముక్కలు ఎక్కువైతే ఇంకా మంచిది.

కొత్త అలవాటు నిలిచేది ఒక పండుగకు అతుక్కున్నప్పుడే అనుకుంటే, జనవరి మధ్యలోనే అవకాశం ఎదురవుతుంది. కనుమ నాడు మినుము కొరకాలన్న నానుడి ఉంది. నీచు వండే ఇంట్లోనూ ఆ రోజు గారెలు తప్పవు. పొట్టు మినుములనే నానబెట్టి, పొట్టు కొంత ఉంచి రుబ్బిన పిండిని నూనె మూకుట్లో వేస్తే గారె, వాసెన కట్టిన గిన్నెలో ఆవిరికి పెడితే ఆవిరి కుడుము. రెంటికీ నానబోత అదే, రుబ్బు అదే. రెండోదానికి తోడుగా అల్లం పచ్చడి, ఆ పూటకు అన్నం ఒక గరిటె తక్కువ.